క్లబ్బు చేతిలో రెండు లక్షలుంటే: ఆగిపోయిన ఇంటికి కప్పు వేయించడం ఎలా

మాది గోదావరి జిల్లాలో చిన్న పట్టణం. సిమెంటు, ఇనుము కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. మా ఊరి సేవా క్లబ్బులో రెండేళ్లు కార్యదర్శిగా, నాలుగేళ్లు కోశాధికారిగా చేశాను. మొన్నామధ్య పక్క మండలం క్లబ్బు వాళ్లు కొట్టుకొచ్చి, "మేమూ పేదవాళ్లకి ఇల్లు కట్టిద్దామనుకుంటున్నామండి, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" అని అడిగారు. సాయంత్రం దాకా కూర్చుని వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. లయన్సయినా, రోటరీ అయినా, వాసవి క్లబ్బయినా, పేరు లేని కుర్రాళ్ల సంఘమైనా పద్ధతి ఒకటే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: కొత్త ఇల్లు మొదలుపెట్టకండి. మధ్యలో ఆగిపోయిన ఇంటిని వెతకండి.

కారణం చెప్తాను. ఆంధ్రాలో 2020 డిసెంబరు 25న ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. అప్పట్లో పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర, ఇంటికి 1.80 లక్షల సాయం. ప్రభుత్వం మారాక, 2025 మార్చిలో, పూర్తికాని ఇళ్లకి ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష అదనంగా ప్రకటించారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, నాలుగు విడతల్లో. అంకెలు ఎన్ని మారినా ఒక్క సంగతి మాత్రం మారదు. పని అయ్యాకే డబ్బు పడుతుంది. బేస్‌మెంట్ లేస్తేనే బేస్‌మెంట్ బిల్లు, గోడలు రూఫ్ లెవెల్‌కి వస్తేనే ఆ బిల్లు, స్లాబు పడితేనే స్లాబు బిల్లు. రోజు కూలితో బతికే మనిషి ముందు తన చేతి డబ్బు పెట్టాలి. అది లేక వడ్డీకి తెస్తారు. వడ్డీ మోయలేక పని ఆపేస్తారు. ఇళ్లు ఆగేది అక్కడే.

మేం మొదట చూసిన ఇల్లు, ప్రభుత్వం పట్టాలిచ్చిన లేఅవుట్లో చివరి వరుసలో ఉంది. గోడలు తొమ్మిదడుగులు లేచి రెండేళ్లయింది, పైన కప్పు లేదు. ఆ ఇంటావిడ రొయ్యల షెడ్డులో పనికెళ్తుంది. లోపలికి వెళ్తే హాలు మధ్యలో ఆనప పాదు. తీగ కిటికీ కన్నంలోంచి బయటికి పాకి గోడ మీద రెండు పిందెలేసింది. "గోడలు లేచాయి బాబూ, స్లాబు దగ్గరికొచ్చేసరికి చెయ్యాడలేదు. నూటికి మూడు రూపాయలకి తెచ్చిన అరవై వేలు ఈ గోడల్లోనే ఉన్నాయి. చోటు ఊరికే పడుండటం దేనికని పాదు పెట్టాను" అంది. ఆవిడకి దక్కాల్సిన స్లాబు బిల్లు ప్రభుత్వం దగ్గర భద్రంగానే ఉంది. అది రావాలంటే స్లాబు పడాలి. స్లాబు పడాలంటే 78 వేలు కావాలి. క్లబ్బు చేయాల్సిందల్లా ఆ 78 వేలు ఆవిడ కంటే ముందు పెట్టడం. కొత్త ఇల్లు కట్టించబోతే మా రెండు లక్షలు ఒక్క ఇంట్లోనే కలిసిపోయేవి. ఇలా చేస్తే అదే డబ్బు తిరుగుతుంది.

ఇల్లు ఎంచుకోవడం

గ్రామ సచివాలయానికి వెళ్లి ఇంజనీరింగ్ అసిస్టెంట్‌తో (పట్టణమైతే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీతో), ఆ తర్వాత హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో మాట్లాడండి. ఏ ఇల్లు ఏ స్టేజీలో ఉందో, ఎన్ని బిల్లులు పడ్డాయో, ఎంత మిగిలిందో వాళ్ల దగ్గర ఉంటుంది. లిస్టు దొరికాక ఇద్దరు సభ్యులు, అందులో ఒక ఆడమనిషి, ఆ ఇంటికి పగటిపూట కాకుండా పనులయ్యాక వెళ్లాలి. నలుగురైదుగురు కార్లలో దిగితే ఇరుగుపొరుగు గుమిగూడతారు, ఆ మనిషి నోరు విప్పి అప్పుల సంగతి చెప్పదు.

చూడాల్సిన కాగితాలు తక్కువే: పట్టా, ఇల్లు మంజూరైన పత్రం, బిల్లు పడే బ్యాంకు పాస్‌బుక్కు. పాస్‌బుక్కు జాగ్రత్తగా చూడండి. బిల్లు పడే ఖాతాలోనే పాత బాకీ వాయిదాలు ఉంటే, డబ్బు పడీ పడగానే కోత పడుతుంది. అలాంటప్పుడు ముందే బ్యాంకు మేనేజరు గారితో మాట్లాడుకోవాలి. పేరులో అక్షరం తేడా, ఆధార్ లింకు లేకపోవడం లాంటివి కూడా అప్పుడే బయటపడతాయి. మేం చూసిన రెండు ఇళ్లకి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా ఆధార్ సరిచేయించి ఆగిన బిల్లు తెప్పించాం. సేవ అంటే ఇదీ సేవే, ఒక పూట తిరిగితే చాలు.

ఎవరి ఇల్లు ముందన్నది వ్యక్తుల ఇష్టానికి వదలకండి. మేం పెట్టుకున్న వరస: రూఫ్ లెవెల్‌లో ఆగినవి మొదట, అందులో ఒంటరి ఆడవాళ్లవి, ముసలివాళ్లవి, వికలాంగులున్నవి ముందు. బేస్‌మెంట్‌లో ఆగినవి తర్వాత. స్లాబు ఒక్కటి పడితే ఆ కుటుంబం అద్దె మానేసి తలుపుల్లేకపోయినా చేరిపోతుంది. నెలకి మూడు వేల అద్దె మిగిలితే మిగతా పని వాళ్లే లాక్కొస్తారు.

మీటింగు

మా క్లబ్బు రెండో శనివారం, నాలుగో శనివారం రాత్రి 7 గంటలకి కలుస్తుంది. ఒకప్పుడు మీటింగంటే బొకేలు, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, గ్రూపు ఫోటో, భోజనం. ఎనిమిదిన్నరయినా అసలు పని మొదలయ్యేది కాదు. ఇంటి పని మొదలెట్టాక మేం వరస మార్చుకున్నాం. గంట కొట్టగానే మొదటి పది నిమిషాలు లెక్కలు. బ్యాంకులో ఎంతుంది, ఈ పదిహేను రోజుల్లో ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎవరికి బాకీ ఉన్నాం, కోశాధికారి నిలబడి పైకి చదవాలి. కాగితం పంచితే ఎవరూ చూడరు, చదివితే వింటారు. ఆ తర్వాత ఇంటి రిపోర్టు, అంటే ఆ ఇంటి బాధ్యత తీసుకున్న సభ్యుడు స్వయంగా వెళ్లి చూసి వచ్చిన సంగతి. ఫోనులో మేస్త్రిని అడిగి చెప్పడం లెక్కలోకి రాదు. మిగతావన్నీ వీటి తర్వాతే.

శాలువాలు ఆపేశాం. ఒక్కో మీటింగుకి శాలువాలు, పూలకి పన్నెండొందల దాకా అయ్యేది. అంటే నాలుగు బస్తాల సిమెంటు. అతిథులకి మొదట్లో కాస్త వెలితిగా అనిపించిందేమో గానీ, "మీ పేరున నాలుగు బస్తాలు ఫలానా ఇంటికి వెళ్లాయండి" అని రసీదు చేతిలో పెడితే కళ్లు చెమర్చినవాళ్లున్నారు. భోజనం కూడా ఎవరి ఖర్చు వాళ్లదే. పులిహోర, పెరుగన్నం, అరటిపండు.

ఖర్చుకి తీర్మానం తప్పనిసరి. "సరేలెండి, చేసేద్దాం" అని నోటిమాటగా అనుకున్నవే తర్వాత మాటపట్టింపులకి దారి తీస్తాయి. మినిట్స్ పుస్తకంలో ఏ ఇంటికి, ఏ పనికి, ఎంతవరకు అని రాసి, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు సంతకాలు పెట్టాలి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు.

ఇంకో మాట. సభ్యుల్లో సిమెంటు వ్యాపారులు, ఇటుక బట్టీల వాళ్లు, కాంట్రాక్టర్లు ఉంటారు. క్లబ్బు సరుకు వాళ్ల దగ్గరే కొనాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. నా కొట్టు నుంచి క్లబ్బు ఇళ్లకి ఒక్క బస్తాకి కూడా బిల్లు వెయ్యను. ఇస్తే ఊరికే ఇస్తాను, లేదంటే వేరే కొట్లో మూడు కొటేషన్లు తీసుకుని కొంటాం, ఆ చర్చ జరిగేటప్పుడు నేను బయట కూర్చుంటాను. ఊళ్లో నమ్మకం ఒక్కసారి పోతే మళ్లీ డబ్బా పట్టుకుని ఏ కొట్టు ముందూ నిలబడలేం.

లయన్స్, రోటరీలకి జూలై 1న కొత్త ఏడాది మొదలవుతుంది, పదవులు మారతాయి. మన దగ్గర అదే వానల కాలం. ఇల్లు సగంలో ఉండగా అధ్యక్షుడు మారితే పని చల్లబడుతుంది. అందుకే మేం ఇళ్లని నవంబరులో మొదలెట్టి మే లోపు తేల్చేస్తాం. ఇంటి కమిటీకి మాత్రం మూడేళ్ల కాలం పెట్టుకున్నాం, అధ్యక్షుడెవరైనా వాళ్లు మారరు.

డబ్బు కూడబెట్టడం

వసూలు మొదలెట్టేముందు బ్యాంకు ఖాతాలు రెండు చేసుకోండి. ఒకటి సభ్యుల చందాలది. హాలు అద్దె, స్టేషనరీ, క్లబ్బు పై సంస్థకి కట్టే ఫీజులు అందులోంచే. రెండోది ఊళ్లో జనం ఇచ్చింది. అందులోంచి టీ ఖర్చు కూడా తీయకూడదు. లయన్స్‌లో ఈ విభజన నియమంగానే ఉంది, జనం ఇచ్చిన రూపాయి జనానికే చేరాలి. సొంతంగా సంఘం పెట్టుకునేవాళ్లయితే, రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్, పాన్ ఉంటేనే సంఘం పేరున ఖాతా తెరుచుకుంటుంది. ఒక సభ్యుడి సొంత ఫోన్‌పే నంబరుకి వసూలు చేయడం ఎంత మంచి మనసుతో చేసినా తప్పే.

ఇక అడగడం. ఇందులో నేను నేర్చుకున్నది ఒకటుంది. "పేదల ఇళ్లకి విరాళం ఇవ్వండి" అంటే ఐదొందలు తీసిచ్చి పంపేస్తారు. ఫలానా వస్తువు అడిగితే మనసుపెట్టి ఇస్తారు. మేం ఒక కాగితం తయారు చేశాం. స్లాబుకి 35 బస్తాల సిమెంటు, మూడున్నర క్వింటాళ్ల ఇనుము, కంకర, ఇసుక, సెంట్రింగ్ కిరాయి, మిక్సరు కిరాయి, మేస్త్రి, కూలీలు. ఆ తర్వాత ఒక గుమ్మం, రెండు కిటికీలు, మరుగుదొడ్డి తలుపు, స్విచ్ బోర్డు. ఒక్కోదాని పక్కన ధర, ఇచ్చినవారి పేరుకి ఖాళీ. ఆ కాగితం పట్టుకుని టింబర్ డిపో ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నయ్యగారూ, గుమ్మం ఒక్కటీ మీది" అన్నాను. ఆయన కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. గుమ్మం పక్కన తన పేరు రాసి, కాసేపాగి కిటికీల పక్కన వాళ్లమ్మగారి పేరు రాశాడు. గుమ్మం నిలబెట్టిన రోజు మామిడాకులు తనే తెచ్చి కట్టాడు.

ఆంధ్రాలో ఇసుక ఇప్పుడు ఉచితమే, కానీ ట్రాక్టరు కిరాయి, ఎత్తుడు కూలి ఉంటాయి. కాబట్టి ఇసుకకి డబ్బులు అడగకండి, ట్రాక్టరున్న రైతుని ఒక పూట బండి అడగండి. కొట్ల దగ్గర డబ్బాలు పెడితే సీలు వేసి, నెలకోసారి ఆ కొట్టు యజమాని ఎదురుగానే తెరిచి, అక్కడే లెక్కపెట్టి రసీదు ఇవ్వాలి. మాకు బాగా కలిసొచ్చింది కార్తీక వనభోజనాలు. తలకి 250 పెట్టి, వంట సభ్యుల ఇళ్ల ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చేస్తే సగానికి పైగా మిగులుతుంది.

లక్కీ డ్రా టికెట్లు మాత్రం అమ్మకండి. బైకు పెట్టి టికెట్లు అమ్మితే రెండు రోజుల్లో లక్ష వస్తుందని ఎవరో ఒకరు అంటారు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం. మంచి పనికని చెప్పినా చట్టం ఒప్పుకోదు.

పన్ను మినహాయింపు అడిగేవాళ్లుంటారు. 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు గుర్తింపు మీ ట్రస్టుకి ఉంటేనే ఆ మాట ఎత్తండి. ఉన్నా కూడా, నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు రాదు, చెక్కో ఆన్‌లైనో కావాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఈ మినహాయింపు అసలు వర్తించదు. దాత అడక్కముందే ఇది చెప్పేయండి.

మనూరి పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటారు, పంపుతామంటారు కూడా. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నవాళ్లు ఇస్తే విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. సొంత బాబాయి కొడుకైనా సరే, పాస్‌పోర్టు ఏదో అడిగి కాపీ ఫైల్లో పెట్టుకున్నాకే తీసుకోండి. పౌరసత్వం మారినవాళ్లకి నేను చెప్పేది, వచ్చినప్పుడు ఒక ఆదివారం మాతో సైటుకి రమ్మని. ఒకబ్బాయి స్లాబు రోజున తట్టలందించాడు, సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత ప్రతి నెలా ఫోన్ చేసి ఆ ఇంటి సంగతి అడుగుతాడు.

ఇచ్చే పద్ధతి

మొదటి ఏడాది మేం ఒక పొరపాటు చేశాం. ఒక కుటుంబానికి 40 వేలు నగదుగా ఇచ్చాం. వారం తిరక్కుండా ఆ ఇంట్లో పిల్లాడికి ఆపరేషన్ పడింది, డబ్బంతా ఆస్పత్రికి పోయింది. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. తప్పు మాది, అవసరాలు నాలుగు వైపుల నుంచి లాగే చేతిలో నగదు పెట్టడం. అప్పట్నుంచి సరుకే ఇస్తాం. కొట్టుకి క్లబ్బు చెక్కు, మేస్త్రికి పని చూసి వారం వారం డబ్బు.

ప్రభుత్వ బిల్లు వచ్చే భాగాన్ని మేం చేబదులు అంటాం. వడ్డీ లేదు, నోటు రాయించుకోం. బిల్లు పడ్డాక ఆ మేరకు తిరిగిస్తారు, అది పక్కింటి స్లాబుకి వెళ్తుంది. బిల్లుకి మించి అయిన ఖర్చు క్లబ్బు కానుక, దాని ఊసెత్తం. ఈ రెండింటినీ మొదటి రోజే ఇంటావిడకి విడమరచి చెప్పి, ఒక చిన్న పుస్తకంలో రాసి ఆవిడ దగ్గరే ఉంచాలి. మేం చేసిన తొమ్మిది ఇళ్లలో ఏడు ఇళ్ల వాళ్లు పూర్తిగా తిరిగిచ్చారు. ఒకరు ఇంకా నెలకి వెయ్యి చొప్పున ఇస్తున్నారు. ఒకావిడ భర్త పోయాడు, ఆ బాకీ మీటింగులో తీర్మానం చేసి కొట్టేశాం.

పెద్ద అట్ట చెక్కు పట్టించి ఫోటోలు తీయకండి. ఇల్లు పూర్తయ్యాక ఇంటి ఫోటో తీయండి, మనుషుల్ని కాదు. ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటుంది, ఆ ఫోటో ఊరంతా ఫోన్లలో తిరుగుతుంది. గోడ మీద క్లబ్బు పేరు రాతిపలక కూడా మేం పెట్టం. అది వాళ్ల ఇల్లు.

ఆగిన ఇంటి పని మొదలెట్టేముందు

రెండేళ్లు వానకి తడిసిన గోడ పైవరస ఇటుకలు వదులవుతాయి. చేత్తో ఊపి చూసి, కదిలితే ఆ వరస తీసి మళ్లీ కట్టించండి. పైకి వదిలిన చువ్వలు తుప్పెక్కి ఉంటాయి. ఇనుప బ్రష్షుతో రుద్దితే పైపొడి రాలి గట్టి ఇనుము కనిపిస్తే పర్వాలేదు. పొరలు పొరలుగా ఊడి చువ్వ సన్నబడితే మంచి భాగం దాకా కోసి, కొత్త చువ్వ కట్టాలి. 12 ఎంఎం చువ్వకి రెండడుగులు కలిపి కట్టాలి, మేస్త్రి అడుగు చాలంటే ఒప్పుకోకండి. సిమెంటు తయారైన వారం, నెల బస్తా మీదే ఉంటుంది. మూడు నెలలు దాటింది స్లాబుకి వాడకండి, కొట్టువాడు ధర తగ్గించినా వద్దు. 

స్లాబు రోజు సభ్యులంతా ఉండాలి, ప్రసంగాలకి కాదు. ఒకరు మిక్సరు దగ్గర నిలబడి నీళ్లు ఎక్కువ పోయకుండా చూడాలి. పని తేలికవుతుందని కూలీలు నీళ్లు పోస్తారు, బలం అక్కడే పోతుంది. మరొకరు కరెంటు తీగలు, పైపులు ముందే వేశారో లేదో చూడాలి. మేస్త్రికి కొత్త తువ్వాలు, కూలీలకి కడుపునిండా భోజనం క్లబ్బు తరఫున. ఆ రొయ్యల షెడ్డు ఆవిడ ఇంటి స్లాబు రోజు మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. ఇంకా ఐదడుగుల ముక్క మిగిలుంది. మా అధ్యక్షుడు, నేను, బ్యాంకులో చేసే ఆయన, ముగ్గురం టార్పాలిన్ కొసలు పట్టుకుని గోడల మీద నిలబడ్డాం, కింద మేస్త్రి పని ఆపలేదు. చినుకులు పడి పావుగంటలో వెలిసింది.

మర్నాటి నుంచి స్లాబు మీద మట్టితో మడులు కట్టి పది రోజులు నీళ్లు నిలబెట్టాలి. ఈ పని ఇంటివాళ్లదే, వాళ్లంత శ్రద్ధగా ఇంకెవరూ చెయ్యరు. ఆవిడ షెడ్డుకి వెళ్లేముందు తెల్లవారుజామున ఒకసారి, వచ్చాక ఒకసారి బిందెలతో మోసింది. సెంట్రింగ్ మేం 14 రోజులు ఉంచుతాం. అద్దె రోజుకింత అని త్వరపెడతారు, ఆ 14 రోజుల కిరాయి ముందే లెక్కలో వేసుకోండి. స్లాబు పడిన రోజే ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని పిలిచి స్టేజీ ఫోటో అప్‌లోడ్ చేయించండి. అక్కడ వారం ఆలస్యమైతే బిల్లు నెల ఆలస్యమవుతుంది.

ఇల్లు అప్పగించాక కరెంటు మీటరు, కుళాయి, మరుగుదొడ్డి గుంట, ఈ మూడూ పూర్తయ్యేదాకా ఆ ఇల్లు మీటింగు రిపోర్టులో ఉండాలి. తొలి పెద్దవాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లండి. స్లాబు గోడ మీద కూర్చున్నచోట నాలుగు మూలలూ, సన్‌షేడ్ కిందా అరచెయ్యి ఆనించి చూడండి. తడి తగిలితే పైన ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో చూసి, అక్కడ వాటం సరిచేసి సిమెంటు పూత వేయించాలి. మేం అలా వెళ్లినప్పుడు ఆ రొయ్యల షెడ్డు ఆవిడ ఇంట్లో చెమ్మ లేదు. ఆనప పాదు మాత్రం వెనక పెరట్లోకి మారింది, వచ్చేటప్పుడు ఒక కాయ కోసి నా బండి హ్యాండిల్‌కి తగిలించింది.